తమ్ముడిచ్చిన మోడల్ కారులో తప్పులు పట్టాను, మాట్లాడటం మానేశాడు

ఈ వారం ఉత్తరం రాసినాయన వయసు నలభై ఎనిమిది. పేరు వద్దన్నారు. పదిహేనేళ్ళుగా స్కేల్ మోడల్ కార్లు పోగుచేస్తున్నారు. 1:18వీ (అంటే అసలు కారులో పద్దెనిమిదో వంతు), 1:43వీ కలిపి నూట నలభై దాకా ఉన్నాయట. నాలుగు పేజీల ఉత్తరంలో రెండు పేజీలు కొలతలే. మిగతాది క్లుప్తంగా ఇక్కడ ఇస్తున్నాను.

వాళ్ళ నాన్నగారికి లేత నీలం రంగు ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఉండేది. 1968లో కొన్నారు, ఈయన ఆరో తరగతిలో ఉండగా అమ్మేశారు. నాన్నగారు పోయి ఐదేళ్ళయింది. మొన్న పుట్టినరోజుకి తమ్ముడు అదే రంగు బీటిల్, 1:18 మోడల్, ఎక్కడెక్కడో వెతికి తెప్పించి ఇచ్చాడు. డబ్బా మీద 1968 అనే ఉంది. "నేను డబ్బా విప్పుతుంటే వాడు ఫోన్లో వీడియో తీస్తున్నాడు. కారు చేతిలోకి తీసుకున్నాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, 'అరె, హెడ్‌లైట్లు తప్పు'. వాడు వీడియో ఆపేసి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు."

అక్కడితో ఆగినా బాగుండేది. సన్నటి కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్ తెచ్చి ముందు వెనక చక్రాల మధ్య దూరం కొలిచారు. 133.3 మిల్లీమీటర్లు ఉండాల్సింది 131.5 వచ్చింది. ముందు భాగం రెండు మిల్లీమీటర్లు పైకి లేచి ఉంది. ముందు మూత మీద రంగులో ఇరుక్కున్న దుమ్ము రేణువు. ఎడమ తలుపు సందు కుడిదాని కన్నా వెడల్పు. ఇవన్నీ తమ్ముడికి ఒక్కొక్కటే వేలుపెట్టి చూపించారు. రెండు నెలలైంది, అవసరమైన మాట తప్ప తమ్ముడు మాట్లాడటం లేదు. కూతురు మాత్రం అననే అంది: "నాన్నా, నువ్వు కార్లు చూడవు, తప్పులు చూస్తావు."

దీనికి తోడు ఇంకో రెండు చిక్కులు. పన్నెండేళ్ళ కిందట కొన్న ఒక స్పోర్ట్స్ కారు మోడల్ రంగు కింద పొక్కులు లేస్తున్నాయి. అమ్మేయాలని ఉంది, కొనేవాళ్ళకి చెప్పాలా అన్నది సందేహం. 1970లో ఫ్రాన్స్‌లోని లే మాన్స్ 24 గంటల కారు రేసు గెలిచిన 23వ నంబరు పోర్షే 917 మోడల్‌కి అడ్వాన్సు కట్టారు, ఇప్పుడొచ్చిన ఫొటోల్లో దాని ముక్కు మొద్దుగా కనిపిస్తోంది. ఆర్డర్ వదులుకోవాలా? చివర్లో ఒక ప్రశ్న: "నాకు పిచ్చా, లేక కంపెనీలే ఇంత నిర్లక్ష్యంగా చేస్తున్నాయా?"

మీకు పిచ్చేమీ లేదండి. ఇరవై ఏళ్ళుగా నేనూ అదే కాలిపర్‌తో తిరుగుతున్నాను కాబట్టి ఈ మాట కాస్త ధైర్యంగానే చెబుతున్నాను. హాట్ వీల్స్ చిన్న కార్లు 1968 నుంచీ వస్తున్నాయి. ప్యాకెట్లో పట్టే సైజుకి కుదించి చేస్తారు, వాటిని ఎవరూ కొలవరు, కొలవక్కర్లేదు. డబ్బా మీద 1:18 అని అచ్చు వేశారంటే మాత్రం అది మాట ఇచ్చినట్టే. ఆ మాట నిలబెట్టుకున్నారో లేదో చూసే హక్కు డబ్బు పెట్టినవాళ్ళకి ఉంది.

మీ చిక్కల్లా, అన్ని తప్పుల్నీ ఒకే గంపలో వేశారు. కొన్ని ఎవరు చేసినా తప్పనివి. కొన్ని మీ చేతికొచ్చిన ఒక్క పీసుకే పరిమితం. కొన్ని కంపెనీ తెలిసి చేసినవో, తెలియక చేసినవో. ఇంకొన్ని కొలిచే తీరులో పుట్టినవి కూడా ఉంటాయి, కోప్పడకండి. హెడ్‌లైట్ల సంగతి చివరికి ఉంచుతున్నాను, దానికో కారణం ఉంది.

తలుపు సందుతో మొదలుపెడదాం. అసలు కారులో ఆ సందు నాలుగు మిల్లీమీటర్లు అనుకోండి. 1:18లో అది 0.22 మిల్లీమీటర్లు కావాలి. తలుపు తెరుచుకోవాలి, మూసుకోవాలి, అంచుల మీద రంగు పడాలి, అది రాసుకుని పెచ్చు లేవకూడదు. ఇవన్నీ జరగాలంటే ఆ సందు 0.22లో ఉండటం దాదాపు అసాధ్యం. రంగు సంగతే చూడండి. అసలు కారు మీద రంగు పొరలన్నీ కలిపి సుమారు 0.1 మిల్లీమీటరు. మోడల్ మీద కూడా ఇంచుమించు అంతే మందం పడుతుంది, ఎందుకంటే రంగుకి స్కేల్ తెలియదు. అంటే మీ చిన్న బీటిల్ ఒంటి మీద, పెద్ద కారు లెక్కలో, దాదాపు రెండు మిల్లీమీటర్ల రంగు ఉంది. ఇక రేకు: నిజం కారు రేకు 0.8 మిల్లీమీటర్లుంటే, 1:18లో కాగితం కన్నా పల్చన. అచ్చులో పోసిన లోహం ఒక మిల్లీమీటరు దాకా మందం ఉంటేనే నిలబడుతుంది. తలుపు తెరిచి చూస్తే అంచు కోట తలుపులా లావుగా కనిపించేది అందుకే.

కాబట్టి సందు వెడల్పుగా ఉండటం స్కేల్ చేసే పని. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ ఉండటం మాత్రం ఫ్యాక్టరీలో బిగించినవాళ్ళ పని. మీరు పట్టుకోవాల్సింది రెండోదాన్నే. దుమ్ము రేణువూ అదే కోవలోది. ఈ రెండూ మీ పీసుకే పరిమితమైన లోపాలు, కొత్త పీసు అడగటానికి గట్టి కారణాలు. సందులు సన్నగా ఉండి తీరాలంటే లోహానికి బదులు రెజిన్ అనే గట్టిపడే ప్లాస్టిక్‌తో పోసిన, తలుపులు తెరుచుకోని మోడల్ కొనుక్కోవాలి, దాని తంటాలు దానికున్నాయి. రెజిన్ పోసేది సిలికాన్ అచ్చుల్లో. కొన్ని పదుల పీసులకే అచ్చు అరిగిపోతుంది, మార్చడం ఆలస్యమైతే గీతలు మొద్దుబారతాయి. ఎండ తగిలే అల్మారాలో పెడితే వంగుతుంది కూడా.

ఇప్పుడు మీ 131.5. అసలు బీటిల్ చక్రాల మధ్య దూరం 2,400 మిల్లీమీటర్లు, పద్దెనిమిదితో భాగిస్తే 133.3. మీ లెక్క సరిగ్గా ఉంది. కొలత మీద నాకు అనుమానం. ఒకవైపే కొలిచినట్టు రాశారు. స్టీరింగ్ తిరిగే మోడల్‌లో ముందు చక్రాలు ఎప్పుడూ కొంచెం వదులుగానే ఉంటాయి, వేలితో నెడితే అర మిల్లీమీటరో ఒకటో అటూ ఇటూ కదులుతాయి. చక్రం కొంచెం తిరిగి ఉన్నా ఒకవైపు దూరం తగ్గుతుంది, రెండోవైపు పెరుగుతుంది. రెండువైపులా కొలవండి, చక్రాన్ని ముందుకి నెట్టి ఒకసారి, వెనక్కి నెట్టి ఒకసారి, నాలుగింటి సగటు తీయండి. అప్పటికీ ఒకటిన్నర తగ్గితే అచ్చులోనే తేడా ఉన్నట్టు. ఆ తర్వాత కాలిపర్ పక్కన పెట్టి, పక్క నుంచి చక్రం మీది మడ్‌గార్డ్ వంపు చూడండి. చక్రం ఆ వంపుకి మధ్యలో ఉంటే, ఆ తేడా కాగితం మీదే. ముందుకో వెనక్కో జరిగి కనిపిస్తే తప్పు నిజమైనదే.

ముందు భాగం లేచి ఉండటం మాత్రం కంటికి ఆనే తప్పే. రెండు మిల్లీమీటర్లంటే అసలు కారులో 36. అంత లేస్తే బీటిల్ బీటిల్‌లా ఉండదు. చాలా మోడళ్ళకి ఈ రోగం ఉంటుంది. చక్రాలు తిప్పినప్పుడు మడ్‌గార్డ్‌కి తగలకూడదని కొంచెం ఎత్తి వదిలేస్తారు. స్టీరింగ్ తిరుగుతుందన్నది డబ్బా మీద రాసుకోవచ్చు, ఎత్తు సరిగ్గా ఉందన్నది రాసుకున్నా ఎవరూ పట్టించుకోరు కదా.

అయితే ఈ మోడల్‌ని ఏం చేయాలి? మార్చి ఇమ్మని అడగొచ్చు. కొన్నది మీ తమ్ముడు కాబట్టి అడగాల్సింది కూడా అతనే. రెండు నెలలు గడిచాయి, అమ్మినవాళ్ళ గడువు దాటి ఉండొచ్చు. దాటకపోయినా, అంత వెతికి తెచ్చిన వస్తువుని మళ్ళీ డబ్బాలో పెట్టి పంపమని అతనికే చెప్పాలి. అది మీకు ఎంత ఖరీదవుతుందో మీకే తెలియాలి. పైగా మారి వచ్చే పీసులో దుమ్ము రేణువు ఉండకపోవచ్చు, ఎత్తూ హెడ్‌లైట్లూ మాత్రం అవే. అచ్చులో ఉన్న తప్పు పీసు మారిస్తే పోదు.

మీరే సరిచేసుకోవచ్చు. కింద మరలు విప్పితే ఒళ్ళు, అడుగుభాగం విడిపోతాయి. ముందు ఇరుసుని పట్టి ఉంచే చోట కొంచెం అరగదీస్తే రెండు మిల్లీమీటర్లు దించడం అసాధ్యమేమీ కాదు. దించాక స్టీరింగ్ పూర్తిగా తిరగదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టు ఉండాలనేవాళ్ళు ఇక దాన్ని కొనరు, మీరు అమ్మరు కాబట్టి అది పట్టించుకోనక్కర్లేదు. నా తప్పు ఒకటి చెబుతాను, మీకు పనికొస్తుంది. ఒక మోడల్ హెడ్‌లైట్ అద్దం ఊడితే సూపర్‌గ్లూతో అంటించాను. తెల్లారేసరికి అద్దమంతా పొగ పట్టినట్టు తెల్లబారింది. ఆ గ్లూ ఆరేటప్పుడు వచ్చే ఆవిరి పని అది. గాజులా ఉండే భాగాలకి మామూలు తెల్ల జిగురు చాలు, ఆరాక కనపడదు. సొంత చేతులతో తప్పు సరిచేయబోయి అంతకన్నా పెద్ద తప్పు చేసిన రోజు నుంచి ఫ్యాక్టరీలో బిగించేవాళ్ళని తిట్టడం కొంచెం తగ్గించాను. పూర్తిగా మానలేదనుకోండి.

లేదా ఏమీ చేయకుండా అల్మారాలో పెట్టుకోవచ్చు. పెట్టేముందు ఒక జాగ్రత్త. మెత్తటి టైర్లు కొన్నేళ్ళకి కింద ఉన్న ప్లాస్టిక్ పలకతో రసాయనికంగా కలిసి, కరిగిన మచ్చలు వేస్తాయి. కారు బరువు టైర్ల మీద పడకుండా అడుగున చిన్న దిమ్మ పెట్టండి.

పొక్కుల కారు దగ్గరికొద్దాం. ఇక్కడ రెండు జబ్బులున్నాయి, చూపుకి ఒకేలా ఉంటాయి. ఒకటి రంగుకి పట్టేది. రంగు వేసేముందు లోహం సరిగ్గా శుభ్రం చేయకపోయినా, తడి మిగిలినా, కొన్నేళ్ళకి రంగు కింద తుప్పు మొదలై చెమటకాయల్లాంటి పొక్కులు లేస్తాయి. చూడ్డానికి బాగోదు కానీ కారు నిలబడుతుంది. రెండోది లోహానికే పట్టేది. ఈ మోడళ్ళు పోసేది జింకులో సుమారు నాలుగు శాతం అల్యూమినియం, కొంచెం మెగ్నీషియం, ఒక్కోసారి రాగి కలిపిన జమాక్ అనే మిశ్రమంతో. అందులో సీసం 0.005 శాతం మించితే ముప్పు. ఏళ్ళ తరబడి గాల్లో తేమ తగిలి లోహం లోపలి నుంచే చిట్లుతుంది, ఉబ్బుతుంది, ఆఖరికి పొడిపొడిగా రాలుతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వచ్చిన డింకీ బొమ్మ కార్లు ఎన్నో ఇలాగే పోయాయి. 1929లో జమాక్ వచ్చిందే అతి శుద్ధమైన జింకు వాడి ఈ బాధ తప్పించడానికి. ఫ్యాక్టరీలో ఎవరైనా తుక్కు కరిగించి కలిపితే మాత్రం ఆ బాధ మళ్ళీ మొదటికొస్తుంది.

మీది ఏదో తేల్చుకోవాలంటే కారు తిరగేసి, రంగు లేని లోహం కనిపించే చోట టార్చి వేసి చూడండి. వెంట్రుక మందాన పగుళ్ళు ఉన్నాయా? తలుపులు మునుపు తేలిగ్గా తెరుచుకునేవి ఇప్పుడు బిగుసుకుంటున్నాయా? ఉంటే అది రెండోదే, దానికి మందు లేదు. పక్కనున్న కార్లకి అంటుకుంటుందన్న భయం మాత్రం వద్దు, ఇది అంటువ్యాధి కాదు. వేడి, తేమ తగ్గిస్తే జబ్బు నెమ్మదిస్తుంది. గాలిలో తేమ యాభై శాతం లోపు ఉంచుకుంటే మంచిది.

అమ్మేటప్పుడు చెప్పాలా అన్నారు. చెబితే ధర బాగా పడిపోతుంది, అసలు కొనేవాడే దొరక్కపోవచ్చు. చెప్పకపోతే ఇవాళ్టికి మంచి ధర వస్తుంది, ఏడాది తర్వాత ఎవరో కాలిపర్ ఉన్నాయన మీ పేరు తలుచుకుంటాడు. సేకరించేవాళ్ళ లోకం చిన్నది. నేనైతే పొక్కులు కనిపించేలా దగ్గరి ఫొటో తీసి, అడుగుభాగం ఫొటో కూడా పెట్టి, "ఇలా ఉంది" అని రాసి అమ్ముతాను. రంగు జబ్బే అయితే, రంగు గీకి కొత్తది వేసుకునే ఓపికున్నవాళ్ళు సంతోషంగా కొంటారు. లోహం జబ్బైతే అమ్మకండి. చక్రాలు, సీట్లు, అద్దాలు విడిభాగాలుగా పనికొస్తాయి.

పోర్షే 917 విషయంలో తొందర పడొద్దు. ఆ ఫొటోలు ఎంత దగ్గర నుంచి తీశారో ఆలోచించండి. పదిహేను సెంటీమీటర్ల దూరం నుంచి 1:18 మోడల్‌ని తీయడమంటే అసలు కారుని 2.7 మీటర్ల దగ్గర నిలబడి తీసినట్టు. ముక్కు ఉబ్బి, తోక చిన్నదై కనిపిస్తుంది. మీరు పోల్చి చూస్తున్న రేసు ఫొటోలు ట్రాక్ అవతల నుంచి పెద్ద లెన్సుతో తీసినవి. ముందు పక్క నుంచి, దూరం నుంచి తీసిన ఫొటో పంపమని అడగండి. అది ప్రొడక్షన్ పీసా, చేత్తో చేసిన నమూనానా అన్నదీ అడగండి. నమూనా అయితే సరిదిద్దడానికి ఇంకా వీలుంటుంది. "ముక్కు తప్పు" అని రాస్తే ఎవరూ చదవరు. రేసు రోజు ఫొటో పక్కన వాళ్ళ ఫొటో పెట్టి, తేడా ఉన్న చోట గీత గీసి పంపితే చూసే అవకాశం ఉంది.

ఇంకొకటి. రేసు కార్లు ఒక రేసుకీ ఇంకో రేసుకీ మధ్య మారుతూనే ఉంటాయి. ఆ తర్వాత చేతులు మారతాయి, ఎవరో బాగుచేయిస్తారు, మ్యూజియంకి చేరతాయి. మోడల్ చేసేవాళ్ళు కొలుచుకునేది ఇవాళ దొరికే కారుని. డ్రైవర్లు హెర్మన్, ఆట్‌వుడ్ లే మాన్స్ గెలిచిన రోజున్న కారు మీకు కావాలి, వాళ్ళు ఇవాళ్టి కారు చేసి ఉండొచ్చు. ఇద్దరూ ఒప్పే అవుతారు. ఆర్డర్ వదులుకుంటే అడ్వాన్సు పోతుందా లేదా అన్న షరతు చదివాకే నిర్ణయించుకోండి. పోతుందంటే మోడల్ వచ్చేదాకా ఆగి, కళ్ళతో చూసి, నచ్చకపోతే అప్పుడు అమ్ముకోవడం మేలు.

ఇక హెడ్‌లైట్లు. తమ్ముడిచ్చిన మోడల్ మీద హెడ్‌లైట్ అద్దం మడ్‌గార్డ్ వంపుతో పాటే వెనక్కి వాలి ఉంది, 1968 బీటిల్‌కి నిటారుగా ఉండాలి, అందుకని తప్పు అన్నారు. డబ్బా మీద రాసినదాన్ని బట్టి మీరన్నది నిజమే. యూరప్‌లో ఆ మార్పు 1967 ఆగస్టులో, 1968 మోడల్‌తో వచ్చింది. వాలు అద్దాలు పోయి నిటారు దీపాలొచ్చాయి, గుండ్రటి అంచుల బంపర్లు పోయి తిన్నగా చెక్కినట్టుండే బంపర్లొచ్చాయి. బహుశా అంతకు ముందు ఏడాది కారుకి చేసిన అచ్చుతోనే పోసి, కంపెనీ డబ్బా మీద కొత్త ఏడాది అంకె వేసింది. ఇది కంపెనీ తప్పే, రాసి అడగదగ్గదే.

కానీ మీరు ఉత్తరంతో పాటు పంపిన పాత ఫొటో నేను భూతద్దం పెట్టి చూశాను. మీ నాన్నగారు కారు ముందు చెయ్యి ఆనించి నిలబడ్డారు, ఒక హెడ్‌లైట్ ఆయన వెనకపడింది, రెండోది ఎండకి తెల్లగా మెరిసిపోయింది. ఆయన మోకాలి పక్కన బంపర్ కొస ఉంది. అది గుండ్రంగా ఉంది. దాని మీద నిలువుగా కొమ్ములాంటి గార్డు కూడా ఉన్నట్టు నాకు అనిపించింది. అదే నిజమైతే అది పాత బంపర్. 1968లో కొన్న కారు 1968 మోడలే అయి ఉండక్కర్లేదు, ముందు ఏడాదిదీ కావచ్చు. పాతదైతే హెడ్‌లైట్లు వాలుగానే ఉండాలి. అంటే డబ్బా మీది అంకె తప్పై, లోపలి కారు మీ ఇంటి కారే అయి ఉండొచ్చు.

ఒక్క మసక ఫొటో చూసి నేను ఒట్టేసి చెప్పలేను. బంపర్ ఎప్పుడో మార్చి ఉండొచ్చు కూడా. తేల్చుకోవడానికి దారి ఉంది. కారు అమ్మినప్పటి కాగితాలు ఇంట్లో ఎక్కడైనా మిగిలితే ఛాసిస్ నంబరు చూడండి. 1965 మోడల్ నుంచి బీటిల్ నంబరులో మూడో అంకె మోడల్ ఏడాదిని చెబుతుంది. 117తో మొదలైతే 1967, 118 అయితే 1968.

పాత కాగితాలు, మిగతా ఫొటోలు తమ్ముడి దగ్గరే ఉన్నాయని మీరే రాశారు. క్షమాపణ ఎలా చెప్పాలో తెలియక రెండు నెలలు గడిపానన్నారు కదా, దానికి నేను మాటలు రాసివ్వను, మీ ఇద్దరి మధ్య పనిచేసే మాటలు మీకే తెలుసు. ఫోన్ చేసి, "ఆ హెడ్‌లైట్ల విషయంలో నేను తొందరపడ్డానేమో, నాన్న కారు నంబరు నీ దగ్గరుందా?" అని అడిగితే ఎలా ఉంటుంది? 118 వచ్చినా మాట మొదలవుతుంది. 117 వస్తే మాత్రం ఆ వీడియో ఇంకా అతని ఫోన్లో ఉందేమో కూడా అడగండి. మూడో అంకె ఏమొచ్చిందో నాకూ ఒక ముక్క రాయండి.